ఒక్క బిళ్ళ మీద ఆరుగురు

గోదావరిఖని,
జూలై 20.

చిరంజీవి క్రిస్టినాకు, తాత సామ్యేల్ ప్రార్థనలతో రాసేది.

నేనూ నానమ్మా బాగున్నాం. మీ నాన్నకు ఈ వారం రెండో షిఫ్టు. వానకు ఓపెన్‌కాస్టు గనిలో నీళ్ళు నిలిచి డంపర్లు నడవడం లేదట. డ్యూటీకి పోయి కూర్చొని వస్తున్నాడు.

సంగతి ఏమిటంటే, నా కంప్యూటర్లో మెయిలు రావడం లేదు. ఈ నెల తొమ్మిదో తేదీ నుంచి ఇదే వరస. పొద్దున చాయ్ తాగి ప్రోగ్రాం ముందు కూర్చుంటాను. కింద మూలన చిన్న చక్రం తిరుగుతుంది, తిరుగుతుంది, చివరికి తెర మధ్యలోకి ఒక డబ్బా వచ్చి, సర్వర్‌కు కనెక్ట్ కాలేకపోయాను అంటుంది. సరే అని నొక్కుతాను. మళ్ళీ చక్రం, మళ్ళీ డబ్బా. రిటైరైన వాళ్ళ సంఘం కబుర్లు, కంటి శిబిరం తేదీలు అన్నీ ఆ మెయిలుకే వస్తాయి. సంఘం కార్యదర్శిని నేను. నాకే కబుర్లు తెలియకపోతే ఎట్లా?

ఆదివారం ఫోన్లో అడుగుదామంటే మీ హాస్టల్ వాళ్ళు ఇచ్చేదే పది నిమిషాలు. నువ్వు మూడు మాటలు చెబితే నా చెవికి ఒకటి వినబడుతుంది. మిగతా రెండూ మీ నానమ్మ తన ఇష్టం వచ్చినట్టు కల్పించి చెబుతుంది. అందుకే ఉత్తరం.

ఇక్కడ చౌరస్తాలో కంప్యూటర్ షాపు ఉంది. కానీ గనిలోకి దిగేవాళ్ళకు దీపాలిచ్చే లాంప్ రూంలో ముప్ఫై ఒక్క ఏళ్ళు క్లర్కుగా చేసి, యాభై నాలుగో ఏట కంప్యూటర్ నేర్చుకున్న మనిషిని. షాపుకు పోతే సాయంత్రానికి కాలనీ అంతా తెలుస్తుంది. పైగా మొన్న చర్చిలో, మా మనవరాలు బీకాం కంప్యూటర్స్ చదువుతోంది, అదే బాగు చేస్తుంది అని చెప్పేశాను. నీ జవాబు కోసం చూస్తుంటాను.

నీ తాత,
సామ్యేల్

*

హనుమకొండ,
జూలై 26.

ప్రియమైన తాతకు వందనాలు.

నీ ఉత్తరం నిన్న వార్డెన్ అక్క నా చేతికిచ్చింది. ఈ ఏడాది హాస్టల్‌కు పోస్టులో ఉత్తరం వచ్చింది నాకొక్కదానికేనట. అమ్మాయిలందరూ కవరు చేతులు మార్చుకుంటూ చూశారు. ‘చిరంజీవి’లో చివరి అక్షరం మీద నువ్వు పెట్టిన గుడి ఎంత పెద్దగా ఉందంటే, వానకు గొడుగు పట్టినట్టుంది.

మెయిలు గురించి ఫికర్ చెయ్యకు. ముందు తప్పు ఎక్కడుందో తెలియాలి. నెట్టులోనా, కంప్యూటర్లోనా, ప్రోగ్రాంలోనా అని ఒక్కొక్కటీ పక్కన పెట్టుకుంటూ పోవాలి. మొదట ఏదైనా వార్తల పేజీ తెరిచి చూడు. అది వస్తే నెట్టు బాగున్నట్టు. తర్వాత మోడెం మీద దీపాలు ఎన్ని వెలుగుతున్నాయో, ఏ రంగో చూసి రాయి. ఆ తర్వాత మోడెం, కంప్యూటర్ రెండూ ఆపి, పది నిమిషాలు ఆగి పెట్టు. కంప్యూటర్లో తేదీ, టైమూ సరిగ్గా ఉన్నాయా? తేదీ తప్పితే సర్వర్ నమ్మదు. చివరిగా, ఆ డబ్బాలో ఉన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు ఉత్తరంలోకి ఎక్కించు.

ఇంకొకటి అడుగుతాను, దీనికీ మెయిలుకూ సంబంధం లేదు. లాంప్ రూం రిజిస్టర్లో ఒక్కో మనిషి పేరు ఎదురుగా ఏమని రాసేవాడివి? నేను ఒక నోట్‌బుక్‌లో మాటలు పోగు చేసుకుంటున్నాను.

నానమ్మకు ముద్దులు.

నీ క్రిస్టినా

*

హనుమకొండ,
అదే రోజు.
(పోస్టు చెయ్యకుండా నోట్‌బుక్‌లో దాచుకున్నది)

తాతా,

పై ఉత్తరం కవర్లో పెట్టి అంటించాను. అసలు రాయాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

నేను కంప్యూటర్స్ క్లాసులో లేను. మూడు వారాలైంది. నీకు రాసిన సలహాలన్నీ ల్యాబు చూసుకునే రాజకుమారి మేడంను అడిగి రాసినవే.

మొదటి వారంలో గది మారిందని తెలియక బీఏ తెలుగు వాళ్ళ క్లాసులో కూర్చున్నాను. బయట వాన పడుతోంది. మేడం పాఠం ఆపి, మీ మీ ఊళ్ళలో ఎన్ని రకాల వానలున్నాయో చెప్పండి అన్నారు. ఒకరు తుంపర అన్నారు, ఒకరు ముసురు, ఒకరు జడివాన. నా వంతు వచ్చేసరికి ఏం చెప్పాలో తెలియక, “మా దగ్గర బొగ్గు వాన పడుతది మేడం, ఆరేసిన తెల్లబట్టలు నల్లగయితయి” అన్నాను. అందరూ నవ్వారు. మేడం నవ్వలేదు. బోర్డు మీద ముసురు పక్కన బొగ్గువాన అని రాసి, కింద గీత గీశారు. ఆ గంట అయిపోయాక నేను నా గదికి వెళ్ళలేదు.

గ్రూపు మార్చమని దరఖాస్తు పెట్టాను. ప్రిన్సిపల్ మేడం తెలుగు క్లాసులో కూర్చోనిచ్చారు. కానీ ఇంటి పెద్ద ఒప్పుకోవాలి. సంతకాలు పిల్లలే గీసుకొస్తున్నారని ఈ ఏడాది నుంచి కాగితం తీసుకోవడం లేదు, మెయిలు పంపి మెయిల్లోనే జవాబు అడుగుతున్నారు. నా ఫారంలో ఉన్నది నీ మెయిలే. సెప్టెంబరు ముప్ఫైలోపు నీ జవాబు రాకపోతే తిరిగి కంప్యూటర్స్‌కు పోవాలి.

నీ మెయిలు బాగుపడితే నా సంగతి బయటపడుతుంది. బాగుపడకపోతే నా చదువు పోతుంది. నువ్వు చర్చిలో చెప్పావని చదివాక ఈ కాగితం పంపడానికి నాకు చేతులు రావడం లేదు.

*

గోదావరిఖని,
ఆగస్టు 5.

చిరంజీవి క్రిస్టినాకు తాత దీవెనలు.

నువ్వు చెప్పినట్టే అన్నీ చేశాను. వార్తల పేజీ వచ్చింది. మోడెం మీద మూడు దీపాలు ఆకుపచ్చగా ఉన్నాయి, నాలుగోది ఎప్పుడూ వెలగదు. రెండూ ఆపి పది నిమిషాలు కాదు, అరగంట ఆగాను. తేదీ సరిగ్గానే ఉంది. టైము మాత్రం పది నిమిషాలు ముందుంది. అది తప్పు కాదు, నేను పెట్టిందే. లాంప్ రూం గడియారం ఎప్పుడూ పది నిమిషాలు ముందే నడవాలి. అందరికీ దీపాలు అందేసరికి సైరన్ మోగాలి. దాన్ని మార్చమని అడగకు.

మెయిలు మాత్రం రాలేదు. డబ్బాలో ఉన్నది ఇది: ‘మీ మెయిల్ సర్వర్‌కు కనెక్ట్ కావడం కుదరలేదు’

చూడడానికి ఎల్లేశం వచ్చాడు. నీకు గుర్తుండే ఉంటాడు, మన కాలనీ మూడో లైనులో ఉంటాడు, నాతోపాటే రిటైరయ్యాడు. మోడెం కిందికీ మీదికీ చూసి, “సామేలన్నా, రోజు పగటీలి మూడు గంటలకు బ్లాస్టింగ్ చేస్తున్నరు గదనే, గా అదురుకు లోపట వైర్లు లూజయినయి” అన్నాడు.

“వైర్లు కాదురా, నీ నట్లు లూజయినయి” అన్నాను.

మీ నానమ్మ తలుపు దగ్గర నిలబడి, “ముప్ఫై ఏండ్లు దీపాలు తుడిచినవు, గిప్పుడు గీ డబ్బను తుడుసుకుంట కూసో” అని లోపలికి పోయింది.

రిజిస్టర్ సంగతి అడిగావు. ఇన్నేళ్ళలో అది అడిగినదానివి నువ్వొక్కదానివే. దిగబోయే మనిషి కిటికీలో తన ఇత్తడి బిళ్ళ ఇస్తాడు. దాని మీద అతని నంబరు ఉంటుంది. బిళ్ళ బోర్డుకు తగిలించి, దీపం వెలుగుతుందో లేదో చూసి ఇచ్చి, పేరు ఎదురుగా ‘దీపం సరిచూసి ఇచ్చాను’ అని రాస్తాను. అతను పైకొచ్చి దీపం అప్పజెప్పి బిళ్ళ తీసుకున్నాక ఆ వరుస కొట్టేస్తాను. కొట్టెయ్యలేదంటే మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నట్టు. బోర్డు మీద ఒక్క బిళ్ళ మిగిలినా నేను ఇంటికి పోలేదు.

తర్వాత ఏం చెయ్యాలో రాయి.

నీ తాత,
సామ్యేల్

*

హనుమకొండ,
ఆగస్టు 12.

ప్రియమైన తాతా,

‘దీపం సరిచూసి ఇచ్చాను’ అనేదాన్ని నోట్‌బుక్‌లో ఒక పేజీ మొత్తం ఖాళీగా వదిలి మధ్యలో రాసుకున్నాను. ఎందుకో పక్కన ఇంకేమీ రాయబుద్ధి కాలేదు.

నువ్వు దీపాల సంగతి చెప్పావు కాబట్టి నేను సర్వర్ సంగతి ఆ భాషలోనే చెబుతాను. సర్వర్ అంటే మీ లాంప్ రూం అనుకో. అది ఎక్కడో దూరాన ఉంటుంది, నీ మెయిళ్ళన్నీ అందులో వరుసగా పెట్టి ఉంటాయి. నీ కంప్యూటర్లోని ప్రోగ్రాం కిటికీ దగ్గరికి పోయి నిలబడే మనిషి. నీ మెయిలు పేరు, పాస్‌వర్డు కలిపి బిళ్ళ. కిటికీలో బిళ్ళ ఇస్తే లోపలివాడు చూసి, నీ మెయిళ్ళు నీకిస్తాడు. అంటే మన మనిషి తప్పు కిటికీ దగ్గరికి పోతున్నాడా, బిళ్ళ నంబరు తప్పా, లేక కిటికీ దగ్గర రద్దీగా ఉందా, ఈ మూడింటిలో ఒకటి జరుగుతోంది.

ఖాతా సెట్టింగ్స్ తెరిచి, సర్వర్ పేరు, దాని పక్కనున్న పోర్టు నంబరు రాసి పంపు. నంబరు తొమ్మిది వందల తొంభై మూడు ఉండాలి. ప్రోగ్రాం వదిలేసి నెట్టు పేజీలోనే మెయిలు తెరుచుకోవడానికి వీలవుతుందేమో కూడా చూడు.

ఇంకో సంగతి, కోపం తెచ్చుకోకు. డబ్బాలోది అని నువ్వు రాసిన వాక్యం చివర చుక్క లేదు. నువ్వు చుక్క మరిచిపోయే మనిషివి కాదు. దాని తర్వాత ఇంకేమైనా ఉందా తాతా?

వీలైనంత తొందరగా రాయి. సెప్టెంబరు నెలాఖరులోపు బాగుపడితే మంచిదని నాకనిపిస్తోంది.

నీ క్రిస్టినా

*

గోదావరిఖని,
ఆగస్టు 24.

బిడ్డా క్రిస్టినా,

సర్వర్ పేరు వేరే కాగితం మీద రాసి పెట్టాను. పోర్టు నువ్వు చెప్పిన నంబరే. నెట్టు పేజీలో తెరుద్దామంటే ఓటీపీ పంపించాను అంటుంది. అది నా పాత సిమ్ముకు పోతుంది. ఆ సిమ్ము పోయిన ఏడాది వాన నీళ్ళలో పడ్డ ఫోనుతోపాటే పోయింది.

చుక్క సంగతి నువ్వు పట్టుకున్నావు. ఆ వాక్యం కింద ఇంకోటి ఉంది. ‘ఈ సర్వర్‌కు అనుమతి ఉన్న కనెక్షన్ల సంఖ్యను మీరు దాటి ఉండవచ్చు.’ కార్డు మీద చోటు చాలక రాయలేదు.

ఒక వింత జరిగింది. పదహారో తేదీ గాలివానకు కాలనీ అంతా కరెంటు పోయింది. తెల్లవారి ఐదింటికి వచ్చింది. వెంటనే కంప్యూటర్ పెట్టాను. ఒక్క దెబ్బకు కనెక్ట్ అయింది. చక్రం రెండు చుట్లు కూడా తిరగలేదు. పాతవి, కొత్తవి ఏవో కొన్ని మెయిళ్ళు వచ్చాయి. వోల్టేజీ అటూ ఇటూ అవుతోందని ఏడింటికి బంద్ చేశాను. తొమ్మిదింటికి తెరిస్తే మళ్ళీ ఆ డబ్బా.

నీ చదువు ఎలా సాగుతోంది? ఏ పాఠాలు చెబుతున్నారు? నీ మాటల నోట్‌బుక్ ఎన్ని పేజీలయింది? తీరిక ఉన్నప్పుడు అందులోంచి కొన్ని రాసి పంపు. నానమ్మ సకినాలు చేసింది. మీ నాన్న వచ్చే వారం కాజీపేటకు వస్తున్నాడు, ఇచ్చిపోతాడు.

తాత

*

హనుమకొండ,
సెప్టెంబరు 1.

తాతా,

నువ్వు ఆ ఉత్తరం రాసింది కవర్లో పెట్టిన కాగితం మీద, కార్డు మీద కాదు. చోటు చాలకపోవడం ఏమిటి?

సరే. నీ ఉత్తరం రాజకుమారి మేడంకు చూపించాను. మా ల్యాబు చూసుకునేది ఆమే. ‘కనెక్షన్ల సంఖ్య’ అన్న దగ్గర వేలు పెట్టి, “మీ తాత బిళ్ళ ఇంకెవరి దగ్గరైనా ఉందేమో అడుగమ్మా” అన్నారు. నీ లాంప్ రూం ఆమెకు కూడా తెలిసిపోయింది, నేనే చెప్పాను.

ఆమె చెప్పింది ఇది. మన ప్రోగ్రాం కిటికీ దగ్గరికి ఒక్క మనిషిని పంపదు. పని తొందరగా కావాలని ఐదుగురిని పంపి, ఐదుగురినీ అక్కడే నిలబెడుతుంది. ఒక బిళ్ళ మీద పదిహేనుగురికి మించి నిలబడనివ్వనని సర్వర్ అంటుంది. ఒక్క కంప్యూటరే ఉంటే ఐదుగురితో పోతుంది, తంటా లేదు. ఆ రోజు కరెంటు వచ్చాక అందరికంటే ముందు నువ్వు పెట్టావు కాబట్టి నీకు చోటు దొరికింది. తొమ్మిదింటికల్లా ఇంకెవరో వచ్చి నిండిపోయారు.

అంటే నీ పేరుతో, నీ పాస్‌వర్డుతో ఇంకొందరు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్ళు దొంగలేమో అని భయంగా ఉంది. దొంగలు కాకపోతే ఎవరు?

నీ ప్రశ్నకు జవాబు: పాఠాలు బాగా చెబుతున్నారు. నోట్‌బుక్ అరవై రెండు పేజీలయింది. సకినాలు అందాయి, ఒక్క పూటలో అయిపోయాయి.

ముప్ఫయ్యో తేదీ దగ్గరికొస్తోంది. జల్ది రాయి తాతా.

క్రిస్టినా

*

గోదావరిఖని,
సెప్టెంబరు 12.

బిడ్డా,

పదకొండు రోజులు జవాబు రాయలేదు. కాగితం తీసి మూడుసార్లు పెట్టాను. ఇప్పుడు రాస్తున్నాను.

దొంగలు కాదు. ఎల్లేశం, మొగిలి, బుచ్చన్న, మన పక్కింటి ఐలవ్వ భర్త లింగమూర్తి, రెండో లైను జగదీశ్వర్. నాతో కలిసి ఆరుగురం.

సంఘం కబుర్లు అందరికీ ఒక్కొక్కరి ఇంటికి పోయి చెప్పడానికి నా మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. వాళ్ళ పిల్లలు వదిలేసిన పాత కంప్యూటర్లు ఇళ్ళలో ఉన్నాయి. ఎల్లేశం కంప్యూటర్లో, బుచ్చన్న కంప్యూటర్లో నా పేరు, నా పాస్‌వర్డు పెట్టి ఈ ప్రోగ్రాం ఎక్కించి ఇచ్చాను. ముగ్గురం రెండేళ్ళు హాయిగా చూసుకున్నాం. జూలై మొదటి వారంలో మిగతా ముగ్గురూ మాకూ కావాలన్నారు. ఇచ్చాను. తొమ్మిదో తేదీ నుంచి డబ్బా వచ్చింది. ముగ్గురికి ఐదు చొప్పున పదిహేను. నీ లెక్క చదవగానే నాకు అర్థమైంది.

ఇంకా ఒకటి చెప్పాలి. ప్రోగ్రాం ఎన్నడూ మూయవద్దని వాళ్ళకు గట్టిగా చెప్పింది కూడా నేనే. షిఫ్టు నుంచి వచ్చిన దీపాన్ని ఛార్జింగుకు పెట్టి ఉంచాలి, తియ్యవద్దు. మెయిలు కూడా అంతే అనుకున్నాను. పాపం, ఐదిళ్ళలోనూ పొద్దంతా తెరిచి పెట్టి కూర్చున్నారు. కొన్నిరోజులు వాళ్ళకు దొరికింది, నాకు దొరకలేదు. నాకు దొరకడం లేదని వాళ్ళకు చెప్పడానికి నాకు నామోషీ అయింది.

ఎల్లేశం ఒకప్పుడు తన బిళ్ళ ఇంట్లో మరిచి, మొగిలి బిళ్ళ పట్టుకొని కిటికీ దగ్గరికి వచ్చాడు. మొగిలికి ఆ రోజు సెలవు. “ఒక్క పూట గదనే” అని బతిమాలాడు. నేను దీపం ఇవ్వలేదు. ఒక బిళ్ళ మీద రెండో మనిషి దిగితే, లోపల ఏదైనా అయితే, ఎవరి ఇంటికి పోయి ఏమని చెప్పాలి? ఆ రోజు అతనికి నాగా పడింది. నెల రోజులు నాతో మాట్లాడలేదు.

మొన్న పొద్దున అందరినీ పార్కు దగ్గర బల్ల మీద కూర్చోబెట్టి సంగతి చెప్పాను. ఎల్లేశం నా వైపు తిరిగాడు.

“సామేలన్నా, గప్పుడు ఒక్క బిళ్ళ మీద ఇద్దరు వద్దంటివి. గిప్పుడు ఆరుగురిని దింపినవు. మరి నీకు నాగా ఎవలెయ్యాలె?”

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను గాని, చెవులు వేడెక్కాయి.

ఇప్పుడు ఎలా సరిచెయ్యాలో రాయి. ఎవరికీ కబుర్లు ఆగిపోకూడదు.

నీ తాత,
సామ్యేల్

*

హనుమకొండ,
సెప్టెంబరు 16.

ప్రియమైన తాతకు,

ముందు పని. ప్రోగ్రాంలో సర్వర్ సెట్టింగ్స్ తెరిచి, అడ్వాన్స్‌డ్ అనే చోట నొక్కు. ‘ఒకేసారి ఉంచుకునే కనెక్షన్లు’ అన్నదాని పక్కన ఐదు ఉంటుంది. అది కొట్టేసి ఒకటి పెట్టు. కిటికీ దగ్గరికి ఐదుగురు పోనక్కర్లేదు, ముసలాళ్ళ మెయిలుకు ఒక్కడు చాలు. ఆరు కంప్యూటర్లలోనూ ఇలా చేస్తే ఆరుగురే అవుతారు, అందరికీ చోటు ఉంటుంది. కానీ అది ఇప్పటి మట్టుకే. తర్వాత ఒక్కొక్కరికీ సొంత మెయిలు పేరు పెట్టించి, నీ పేరు వాళ్ళ కంప్యూటర్లలోంచి తీసెయ్యి. సంఘం కబురు నీకు రాగానే ఐదుగురికీ నువ్వు ముందుకు పంపితే సరిపోతుంది. ఎవరి బిళ్ళ వాళ్ళకు ఉంటుంది.

పని అయింది. ఇప్పుడు నా సంగతి.

నువ్వు చెవులు వేడెక్కాయని రాశావు. నాకు రెండు నెలలుగా వేడెక్కే ఉన్నాయి. దీంతోపాటు ఇంకో కాగితం పెడుతున్నాను. జూలై ఇరవై ఆరున రాసింది. అప్పటి నుంచి నోట్‌బుక్‌లోనే ఉంది, మడతల దగ్గర కొంచెం చిరిగింది. మెయిలు బాగై, కాలేజీ వాళ్ళు రాసిందే నువ్వు ముందుగా చదివితే నేను నీ మొహం చూడలేను. అందుకని, అది బాగయ్యే దారి పైన రాసిన ఈ ఉత్తరంలోనే ఇదీ పెడుతున్నాను.

నీకు కోపం వస్తే కంప్యూటర్స్‌కే పోతాను. నిజంగా పోతాను. నువ్వు చర్చిలో చెప్పిన మాట పోకూడదు.

క్రిస్టినా

*

గోదావరిఖని,
సెప్టెంబరు 21.

బిడ్డా క్రిస్టినా,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకొని ఇది రాస్తున్నాను.

నీ కాలేజీ మెయిలు నేను నెల కిందటే చదివాను. పదహారో తేదీ గాలివాన తర్వాత, తెల్లవారి కనెక్ట్ అయిందని రాశాను చూడు. ఆ రోజు వచ్చినవాటిలో అదొకటి. ఏం వచ్చాయో నీకు రాయలేదు. నువ్వే చెబుతావని ఊరుకున్నాను. ఏ పాఠాలు చెబుతున్నారని అడిగింది అందుకే. ‘బాగా చెబుతున్నారు’ అని తప్పించుకున్నావు.

బాధపడలేదని రాయను. ఆ తర్వాత రెండు రోజులు ఆ కంప్యూటర్ ముందు కూర్చోలేదు. చేతి రాత మీద బతికిన క్లర్కులందరి పనీ కంప్యూటర్ మింగడం చూసినవాణ్ణి. నువ్వు దాని పక్కనుంటే నీకు ఏ భయమూ ఉండదనుకున్నాను.

అయితే ఇంకో సంగతి నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఆ మెయిలు నా దగ్గరికి వచ్చేటప్పటికే ఎవరో చదివి ఉన్నారు. చదవని మెయిలు పేరు లావుగా ఉంటుంది కదా, అది సన్నబడి ఉంది. నా మనవరాలి సంగతి ఇంకొకరు విప్పి చదివారు. తాళం చెవి ఇచ్చింది నేనే. నీకు పదకొండు రోజులు జవాబు రాయలేకపోయింది దానికే.

పార్కు బల్ల దగ్గర మళ్ళీ అందరినీ కూర్చోబెట్టి అడిగాను. ఎవరు చదివారు అని. ఐదుగురూ చెట్ల వైపు చూశారు. అందరూ చదివారట! నాకు చెబితే బాధపడతానని నెల రోజులు నా వెనక గుసగుసలాడుకున్నారట.

“తెలుగు సదువుతదట. మనం మాట్లాడేదేనా? దానికి గూడ కాలేజీ ఎందుకే?” అన్నాడు బుచ్చన్న.

మొగిలి అడ్డం వచ్చాడు. “నువ్వు మాట్లాడేది నీ పెండ్లానికే సమజ్ గాదు, ఊకో. సామేలన్నా, నువ్వు రాసే సంఘం నోటీసు ఏ ఒక్కలకు తలకెక్కుతలేదు. ఆ పిల్లను సదువనియ్యి, నోటీసులన్న మంచిగైతయి.”

నీ ఉత్తరాలు జేబులోనే ఉన్నాయి. సర్వర్ అంటే లాంప్ రూం అని నువ్వు రాసిన పేజీ తీసి చదివి వినిపించాను. ఈ నెల పదహారున రాసింది కూడా, పని ఉన్నంత మట్టుకు చదివాను. ఎల్లేశం ఏ కాగితం అడగలేదు, ఎవరినీ పిలవలేదు. ఇంటికి పోయి, ఐదు కొట్టేసి ఒకటి పెట్టుకొని, అరగంటలో తిరిగొచ్చాడు. “కిటికి కాడ రద్దీ తగ్గిందే” అన్నాడు. నాకు కంప్యూటర్ నేర్పిన వాళ్ళు మూడు నెలలు చెప్పినా సర్వర్ అంటే ఏమిటో నాకు తెలియలేదు. ఎల్లేశానికి నీ పేజీ ఒక్కసారి వింటే తెలిసింది. ఆ పేజీ రాసింది కంప్యూటర్ల క్లాసులో కూర్చున్న పిల్ల కాదు.

ఇప్పుడు నా ప్రోగ్రాంలో డబ్బా రావడం లేదు. వీరేందర్ అని జగదీశ్వర్ కొడుకు ఐదుగురికీ సొంత మెయిళ్ళు పెట్టిస్తున్నాడు. నా పేరు అన్ని చోట్లా తీసేశారు. పోయిన రెండు నెలలవి నూట ఎనభై ఏడు మెయిళ్ళు ఒకేసారి వచ్చిపడ్డాయి. కంటి శిబిరం తేదీ దాటిపోయింది.

మీ నాన్నకు చెప్పాను. “మెయిలు నీకు రాసిండ్రు గద, జవాబు నువ్వే ఇయ్యి నాయిన” అని, అన్నం తింటూనే నవ్వాడు. చర్చిలో ఏమని చెప్పాలో నేను చూసుకుంటాను.

మీ కాలేజీకి జవాబు ఈ పూటే పంపుతాను. ఏం రాయాలో నానమ్మ చెబుతోంది గాని, నా పద్ధతిలో నేను రాస్తాను.

తాత

*

హనుమకొండ,
సెప్టెంబరు 28.

ప్రియమైన తాతా,

ఈ పొద్దున ప్రిన్సిపల్ మేడం గదికి రమ్మని కబురొచ్చింది. నీ మెయిలు అచ్చు తీసి బల్ల మీద పెట్టుకున్నారు. పక్కన ఆఫీసు క్లర్కు నిలబడి, “అంగీకరిస్తున్నాను అని రాయాలని మనం అడిగినం మేడం, ఇందులో ఆ మాట ఎక్కడ లేదు” అంటున్నాడు.

మేడం ఆ కాగితం నా చేతికిచ్చి, పైకి చదవమన్నారు. నిలబడి చదివాను.

‘అయ్యా, మా మనవరాలు క్రిస్టినా విషయం. ఆమె తన బిళ్ళ మీద తాను దిగుతోంది. దీపం సరిచూసి ఇచ్చాను. దయచేసి దిగనివ్వండి. తిరిగి వచ్చేదాకా నేను కిటికీ దగ్గరే ఉంటాను. ఇట్లు, సామ్యేల్, లాంప్ రూం క్లర్కు (రిటైర్డు).’

చివరి వాక్యం దాకా వచ్చి, మళ్ళీ మొదటి నుంచి చదివాను.

క్లర్కు తల గోక్కున్నాడు. “ఇది ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా?” అని మేడం నన్నే అడిగారు.

“ఒప్పుకున్నట్టే మేడం. మా తాత ముప్ఫై ఒక్క ఏండ్లు గిట్లనే ఒప్పుకున్నడు” అన్నాను.

మేడం ఎర్ర సిరాతో ఆ కాగితం మూలన చిన్నగా ఏదో రాసి, సంతకం పెట్టి క్లర్కుకు ఇచ్చారు. బయటికొచ్చాక అతన్ని అడిగి చూశాను. ‘సరిచూశాను’ అని రాశారు.

రెండో గంటకు తెలుగు క్లాసు. గదిలోకి వెళ్ళి కూర్చున్నాక చూసుకుంటే ఇంకా ఎవరూ రాలేదు. మొన్నటి నుంచి నా గడియారం పది నిమిషాలు ముందు పెట్టుకున్నాను, అది మరిచిపోయాను.

నీ క్రిస్టినా